రెండు రంధ్రాల్లోనూ వెలుగు

ఏప్రిల్ నెలాఖరు. ముందు రోజు సాయంత్రం గాలిదుమారం లేచి, నాలుగు చినుకులు రాల్చి పోయింది. బోధన్‌లో మా మేనత్త ఇంటికి వెళ్లేసరికి ఆమె అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"కరెంటు ఉన్నది బిడ్డా. వంటింట్ల లైటు వెలుగుతున్నది, ఫ్రిజ్ నడుస్తున్నది. ముందర అర్రల మాత్రం పంకా తిరుగుతలేదు, లైటు వెలుగుతలేదు. టెస్టర్ పెడితే మాత్రం మస్తు వెలుగుతున్నది" అంది.

అప్పటికే పక్కింటి కుర్రాడు వచ్చి చూసిపోయాడట. "రెండు ఫేజులు వస్తున్నయి అత్తమ్మా, బోర్డు ముట్టుకోకున్రి" అని చెప్పి వెళ్లాడట. నేనూ టెస్టర్ తీసుకుని ప్లగ్గు కుడి రంధ్రంలో పెట్టాను. వెలిగింది. వెలగాల్సిందే. ఎడమ రంధ్రంలో పెట్టాను. అంతే ఎర్రగా, అంతే గట్టిగా వెలిగింది. రెండు వైపులా కరెంటు నిండుగా ఉంది, పైన పంకా మాత్రం కదలకుండా వేలాడుతోంది.

మన ఇళ్లలో ఇది చాలా మామూలుగా కనబడే లోపం. దీన్ని కొందరు 'రిటర్న్ వస్తున్నది' అంటారు, కొందరు 'ఓవర్ కరెంటు' అంటారు. ఆ ఎడమ రంధ్రంలో ఉండకూడని వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుంటే ఇంటి వైరింగు సగం అర్థమైనట్టే. దానికి ముందు, వెలిగిన ఆ చిన్న పరికరం మనకు ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూడాలి.

టెస్టర్‌లో ఉండేవి రెండే రెండు సరుకులు. ఒకటి వేలి గోరంత నియాన్ బల్బు. ఇలాంటి చిన్న మెరుపు దీపాన్ని 1917లో అమెరికాలో డేనియల్ మూర్ తయారు చేశాడు. రెండోది దాదాపు 10 లక్షల ఓమ్‌ల నిరోధకం. మొన మీది నుంచి వచ్చిన విద్యుత్తు ఈ రెండింటినీ దాటి, టెస్టర్ వెనక ఉన్న లోహపు బొడిపె మీద ఆనిన మన వేలిలోకి, మన ఒంట్లోంచి నేలలోకి పోతుంది. అంటే టెస్టర్ వెలిగిన ప్రతిసారీ మన శరీరం కూడా ఆ సర్క్యూట్‌లో ఒక ముక్క. నిరోధకం అంత పెద్దది కాబట్టి పోయే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు, మనకు తెలియదు. అందుకే ఆ నిరోధకం తడిసిన టెస్టర్‌ను, పగిలిన టెస్టర్‌ను వాడకూడదు.

నియాన్ వాయువు 60, 70 వోల్టులు దాటితే వెలగడం మొదలుపెడుతుంది. అక్కడ 90 ఉన్నా వెలుగే, 230 ఉన్నా వెలుగే. వెనక పెద్ద మోటారును తిప్పగల శక్తి ఉందా, లేక పక్క తీగ నుంచి ఊరికే ప్రేరణ వల్ల వచ్చిన వోల్టేజి మాత్రమేనా, టెస్టర్ చెప్పలేదు. పొడిగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, మందపాటి రబ్బరు చెప్పులేసుకుని, పట్టపగటి వెలుతురులో చూస్తే ఉన్న కరెంటు కూడా లేనట్టే కనిపించవచ్చు. 'టెస్టర్ వెలగలేదు కదా' అని తీగ పట్టుకుని ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. కాబట్టి అనుమానం ఉన్న చోట పెట్టే ముందు, బాగా పనిచేస్తున్న మరో ప్లగ్గులో పెట్టి టెస్టర్ బతికే ఉందని చూసుకోవాలి. పని అయ్యాక మళ్లీ అక్కడే పెట్టి చూసుకోవాలి.

ఇక ఆ ఎడమ రంధ్రం. దాన్ని అత్తకు చెప్పడానికి నాకు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గేటు గుర్తొచ్చింది.

మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లు బోధన్ నల్లరేగళ్లకు చేరాక ఇక్కడ చెరకు పెరిగింది. చెరకు పెరిగింది కాబట్టి 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. సీజన్లో ఫ్యాక్టరీ ముందు నిండు బండ్లు, ఆ తర్వాతి కాలంలో ట్రాక్టర్లు, బారులు తీరి నిలబడేవి. ఒక దారిన నిండు బండి లోపలికి పోయేది, కాటా మీద తూగేది, యార్డులో చెరకు దింపేది, ఖాళీ అయ్యి ఇంకో దారిన బయటికి వచ్చేది. చెరకు దిగినంతసేపే ఫ్యాక్టరీ నడిచేది.

ఇప్పుడు బయటికి పోయే గేటు మూసేశారనుకోండి. మొదటి బండి లోపలికి వచ్చి ఆగుతుంది. దాని వెనకది ఆగుతుంది. ఏదీ కదలదు కాబట్టి ఏదీ దింపదు. కాసేపటికి నిండు బండ్లు యార్డు దాటి బయటికి పోయే దారిలోకి కూడా చొచ్చుకుని, మూసిన గేటు దాకా నిలబడిపోతాయి. ఎవరైనా కొత్తవాడు వచ్చి ఆ దారి చూస్తే 'అరె, రెండు దారుల్లోనూ నిండు బండ్లే వస్తున్నాయి' అనుకుంటాడు. వస్తున్నవి కావు, నిలిచిపోయినవి.

విద్యుత్తులో లోపలికి వచ్చే దారి ఫేజు, బయటికి పోయే దారి న్యూట్రల్. పంకా, బల్బు యార్డు లాంటివి. ప్రవాహం ఉన్నప్పుడు 230 వోల్టుల ఒత్తిడంతా పంకాలోనే ఖర్చయిపోతుంది, కాబట్టి న్యూట్రల్ వైపు ఒత్తిడి దాదాపు సున్నా, టెస్టర్ వెలగదు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ప్రవాహం ఆగిపోతుంది. ప్రవాహం లేకపోతే పంకాలో ఒత్తిడి ఖర్చు కాదు. ఫేజు మీది 230 వోల్టులు పంకా చుట్టల్లోంచి, వేసి ఉంచిన లైటులోంచి దాటి, తెగిన చోటు దాకా న్యూట్రల్ తీగ మీద అలాగే కూర్చుంటాయి. ఆ న్యూట్రల్‌కే ప్లగ్గు ఎడమ రంధ్రం కూడా కలిసి ఉంటుంది. అందుకే అక్కడా వెలుగు. రెండు ఫేజులు రాలేదు, ఉన్న ఒక్క ఫేజే తిరిగి పోయే దారి లేక అటు వైపు కూడా నిండిపోయింది. బండ్ల పోలిక ఇంతవరకే పనికొస్తుంది. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగేది, బండ్లలా ఒకే వైపు పోయేది కాదు. కానీ తెగిన దారిని పట్టుకోవడానికి ఆ పోలిక చాలు.

ఇది నిజమేనని తేల్చుకోవడం చాలా తేలిక. అర్రలో ఉన్న స్విచ్చులన్నీ ఆపించాను, ప్లగ్గుకు పెట్టిన ఫోను ఛార్జర్ పీకేశాను. ఇప్పుడు ఎడమ రంధ్రంలో టెస్టర్ పెడితే చీకటి. అత్తను ట్యూబులైటు స్విచ్ వేయమన్నాను. ఎడమ రంధ్రంలో మళ్లీ వెలుగు. ఆపితే చీకటి, వేస్తే వెలుగు. అత్త రెండు మూడుసార్లు తానే వేసి ఆపి చూసింది. నిజంగానే ఇంకో ఫేజు వచ్చి ఎడమ తీగకు తగిలి ఉంటే, స్విచ్చులతో పనిలేకుండా ఎప్పుడూ వెలగాలి. స్విచ్‌తో పాటు వచ్చిపోతోందంటే అది ట్యూబులైటులోంచి దాటి వచ్చిన వెలుగే.

న్యూట్రల్ తెగిందని తెలిశాక ఎక్కడ తెగిందో వెతకడానికి ఇల్లంతా తవ్వక్కర్లేదు. వంటిల్లు పనిచేస్తోంది. అంటే స్తంభం నుంచి మీటరుకు, మీటరు నుంచి వంటింటికి న్యూట్రల్ బాగానే ఉంది. పనిచేసే చివరి బోర్డుకూ, పనిచేయని మొదటి బోర్డుకూ మధ్యలోనే తెగిపోయి ఉండాలి. పాత ఇళ్లలో న్యూట్రల్‌ను ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు లూపు చేసుకుంటూ పోతారు. కాబట్టి అనుమానించాల్సినవి ఆ రెండు బోర్డులూ, మధ్యలో ఉన్న జాయింటు డబ్బా, అంతే.

మెయిన్ ఆపించాను. ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. ఈరోజు మన ఇళ్లలో మెయిన్ ఆపితే సరిపోదు. ఇన్వర్టర్ ఉంటే అది బ్యాటరీ నుంచి మళ్లీ 230 వోల్టులు తీసి అదే తీగల్లోకి పంపుతుంది. మెయిన్ ఆపిన మరుక్షణం 'కరెంటు పోయింది' అనుకుని అది లేచి కూర్చుంటుంది. దాన్ని కూడా ఆపి, విప్పబోయే ప్రతి తీగ మీదా టెస్టర్ పెట్టి చూసుకున్నాకే స్క్రూ డ్రైవర్ పట్టుకోవాలి. బోర్డు విప్పడం అలవాటు లేనివారు ఇక్కడి దాకా తమ బుర్రతో వెతికి, విప్పే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడం మంచిది. 'ముందర అర్రకు న్యూట్రల్ పోయింది, వంటింటి బోర్డు దాకా ఉంది' అని చెప్పగలిగితే అతని పని పావుగంటలో అయిపోతుంది.

జాయింటు డబ్బా మూత తీస్తే కారణం కళ్ల ముందే ఉంది. ఆ ఇల్లు కట్టినప్పుడు వేసినవి అల్యూమినియం తీగలు, చెక్క పట్టీ మీద క్లిప్పులు కొట్టి లాగినవి. మధ్యలో ఎప్పుడో ముందర అర్రకు కొత్తగా రాగి తీగ లాగారు. రెండింటినీ చేతితో మెలేసి నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు కరిగి, మళ్లీ గట్టిపడి, పొయ్యి మీద అడుగంటిన బెల్లం పాకంలా పెళుసుగా మారిపోయింది. గోటితో గీకితే పెచ్చులు ఊడాయి. లోపల అల్యూమినియం తీగ బూడిద రంగు పొడి రాలుస్తూ చివర తెగి ఉంది.

అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే పైన ఒక సన్నని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ పొర విద్యుత్తును సరిగా పోనివ్వదు. పైగా వేడెక్కినప్పుడు అల్యూమినియం రాగి కంటే ఎక్కువ సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రోజుకు నాలుగైదుసార్లు సాగి ముడుచుకుని, ఏళ్ల తరబడి అలా జరిగితే మెలిక వదులవుతుంది. వర్షాకాలం తేమ చేరితే రెండు వేర్వేరు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటి చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. వదులైన చోట వేడి, వేడి వల్ల ఇంకా వదులు. ముందు రోజు గాలికి ఇల్లంతా అదిరినప్పుడు మిగిలి ఉన్న ఆ ఒక్క పోగు కూడా తెగిపోయింది. గాలి చేసిన పని చివరి దెబ్బే, అసలు పని ఏళ్లుగా జరుగుతూనే ఉంది.

ఎడమ రంధ్రంలో వెలుగు ఒక్క అర్రలో కాక ఇల్లంతా కనబడితే, తెగింది మీటరు దగ్గరో, స్తంభం మీదో. లైట్లు ఒక్కసారిగా మామూలు కంటే తెల్లగా వెలిగి, ఎదురింట్లో మసకబారితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా మెయిన్ ఆపేయాలి. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే లైనులో న్యూట్రల్ పోయిన గుర్తు. ఊళ్లలో 'న్యూట్రల్ పోయి వీధిలో టీవీలన్నీ కాలిపోయినయి' అని వింటుంటాం కదా, అది ఇదే.

లెక్క చూడండి. లైను మీద మూడు ఫేజులుంటాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య దాదాపు 400. మీ ఇల్లు ఒక ఫేజు మీద, ఎదురిల్లు ఇంకో ఫేజు మీద ఉన్నాయనుకుందాం. న్యూట్రల్ తెగితే మీ ఇంటి నుంచి బయటికి వచ్చిన తీగ, ఎదురింటి నుంచి వచ్చిన తీగ కలిసిపోయి, రెండిళ్లూ 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి వరసగా చిక్కుకుంటాయి. మీ ఇంట్లో 100 వాట్ల పంకా, లైటు. వాళ్లింట్లో 400 వాట్ల మిక్సీ. తక్కువ వాట్లు ఉన్నచోట నిరోధం ఎక్కువ, కాబట్టి ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. మీ ఇంటికి 320 వోల్టులు, వాళ్లింటికి 80. పొదుపుగా వాడుకున్న ఇంట్లోనే సామాన్లు కాలిపోతాయి. ఇది ఇంటి ఎలక్ట్రీషియన్ చేసే పని కాదు. 1912కు ఫోను చేసి, లైన్‌మన్ వచ్చేదాకా మెయిన్ ఆపి ఉంచాలి.

తరచూ కనిపించే ఇంకో లోపం చిన్నదే, కానీ ఎవరూ పట్టించుకోరు. మన త్రీ పిన్ ప్లగ్గును ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్. ఈ గుండ్రటి పిన్నుల పద్ధతి బ్రిటన్‌లో 1934లో వచ్చిన ప్రమాణం నుంచి మనకు దిగింది. వాళ్లు యుద్ధం తర్వాత దీర్ఘచతురస్రాకారపు పిన్నులకు మారిపోయారు, మనం గుండ్రటివే ఉంచుకుని ఐఎస్ 1293 పేరుతో మన ప్రమాణం చేసుకున్నాం. కుడి ఎడమలు మారిపోయినా పంకా తిరుగుతుంది, ఫోను ఛార్జ్ అవుతుంది. ప్రమాదం ఎక్కడంటే, స్విచ్ ఫేజును కాక న్యూట్రల్‌ను తెంచుతున్నప్పుడు. స్విచ్ ఆపేసినా హోల్డర్‌లో, ఇస్త్రీ పెట్టెలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఆపేశాం కదా అని బల్బు మార్చబోతే షాక్ కొడుతుంది. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు రాత్రిపూట మిణుకుమిణుకుమంటూ వెలుగుతుంటే అది చాలాసార్లు ఈ తప్పే. పొడవాటి తీగల మధ్య ప్రేరణ వల్ల కూడా అలా జరగొచ్చు కాబట్టి టెస్టర్‌తో తేల్చుకోవాలి.

ప్లగ్గు నల్లబడటం వేరే కథ. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, అంటే 4 ఆంపియర్లకు పైన. గీజర్ 2000 వాట్లు, దాదాపు 9 ఆంపియర్లు. సాకెట్ లోపలి ఇత్తడి పట్టు వదులై, పిన్నుకూ దానికీ మధ్య అర ఓమ్ నిరోధం వచ్చిందనుకోండి. అర ఓమ్ అంటే ఎంత, మీటరుకు కూడా సరిగా చిక్కదు. కానీ గీజర్ కరెంటు దాని గుండా పోతే అక్కడ దాదాపు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవాళ్ల సోల్డరింగ్ కడ్డీ వేడి అది, అదీ గోడలో, ప్లాస్టిక్ పెట్టెలో. ముందు పిన్ను గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత రంధ్రం చుట్టూ పసుపు పచ్చని మచ్చ, తర్వాత కాలిన వాసన. ఫ్యూజు పోదు, ట్రిప్ కాదు, ఎందుకంటే కరెంటు ఎక్కువేం పోవడం లేదు. ఈ లోపాన్ని పట్టేది మన ముక్కు, మన చెయ్యే. పది నిమిషాలు ఇస్త్రీ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. పిన్నులు వేడిగా తగిలితే సాకెట్ మార్చాల్సిందే. అగ్గిపుల్లలు గుచ్చి ఊడిన తీగలను రంధ్రాల్లో దూర్చే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అది అచ్చంగా ఈ వదులు పట్టునే చేతులారా తయారు చేసుకోవడం.

నాకు ఎక్కువ భయం వేసేది మూడో రంధ్రం గురించి. పైన ఉన్న ఆ పెద్ద రంధ్రం ఖాళీగా ఉన్నా అన్నీ పనిచేస్తాయి. లోపం ఉందని తెలిసేది ఒక్కసారే, ఎవరికో షాక్ కొట్టినప్పుడు.

దేశంలో ఏటా 10 వేల మందికి పైగా విద్యుదాఘాతంతో చనిపోతున్నారు. 2022 జులైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలారేసే తీగకు కరెంటు వచ్చి ఒకే కుటుంబంలో నలుగురు పోయారు. నిజామాబాద్, బోధన్ ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే రేకు కూలర్లు బయటికి వస్తాయి. రేకు డబ్బా, లోపల నీళ్లు, నీళ్లలో మునిగిన పంపు, చుట్టూ తడిసిన గడ్డి, కింద తడి బండలు, వాటి మీద ఉత్త కాళ్లతో పిల్లలు. ఆ కూలరుకు చాలాసార్లు టూ పిన్ ప్లగ్గు. ప్రమాదానికి కావాల్సినవన్నీ ఒకే చోట చేరాయి.

ఎర్తు తీగ చేసే పని ఏమిటి? పంపు తీగ తొక్క ఊడి రేకు డబ్బాకు తగిలితే, ఆ కరెంటుకు మన ఒంటి కంటే తేలికైన దారి చూపడం. త్రీ పిన్ ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెండింటి కంటే పొడవుగా ఉండేది అందుకే. పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివరికి అదే వదలాలి. లావుగా ఉండేది పొరపాటున వేరే రంధ్రంలో దూరకుండా. పైరంధ్రంలో పెన్ను గుచ్చి మూతలు తెరిచి టూ పిన్ దూర్చే వాళ్లను చూస్తుంటాం. ఆ మూతలు పెట్టిందే పిల్లల వేళ్లు, సూదులు లోపలికి పోకుండా.

ఎర్తు ఉందో లేదో తెలుసుకోవడం అనుకున్నంత సులభం కాదు. మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి చూస్తే, వైరింగు బాగున్న ప్లగ్గులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఒకటి రెండు వోల్టులు చూపాలి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 80, 110 అంటూ అంకె నిలకడ లేకుండా ఊగుతుంటే ఎర్తు తీగ ఎక్కడో తెగి గాలిలో వేలాడుతోంది. అయితే 230 చూపించినంత మాత్రాన ఎర్తు బాగుందని నమ్మకండి. మల్టీమీటరు తీసుకునేది మైక్రో ఆంపియర్లు. మట్టిలో గుచ్చిన తుప్పు మేకు కూడా దానికి 230 చూపిస్తుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూస్తారు. అది కొంత నయం. కానీ బల్బు నిరోధమే 500 ఓమ్‌లకు పైన ఉంటుంది, ఎర్తు నిరోధం 100 ఓమ్‌లు ఉన్నా బల్బు మసకగానైనా వెలుగుతూనే ఉంటుంది, ఎర్తు బాగుందనే అనిపిస్తుంది.

ఇక్కడ మన నేల గురించి మాట్లాడాలి. ఎర్తు గుంతలో మామూలుగా దించేది 2.5 మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. లెక్క వేస్తే అలాంటి పైపు తడి నల్లరేగడిలో 3, 4 ఓమ్‌ల నిరోధంతో సరిపెడుతుంది. అదే పైపు ఎండిన మొరంలో 100 ఓమ్‌లు దాటగలదు. నిజామాబాద్ ఖిల్లా గుట్ట పక్కన రాతి మీద కట్టిన ఇంటికీ, బోధన్ కాలువ కింది చేను పక్కన ఇంటికీ అంత తేడా ఉంటుంది. బోధన్‌వాళ్లు కూడా నిశ్చింతగా ఉండకూడదు. నల్లరేగడి మే నెలలో కాలు దూరేంత బీటలు విచ్చుతుంది. పైపు చుట్టూ ఉన్న మట్టి పైపును వదిలి పక్కకు జరుగుతుంది. కూలర్లు నడిచే నెలల్లోనే ఎర్తు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. గుంతలో బిందెడు నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పే మాట చాదస్తం కాదు.

ఎర్తు నిరోధం 20 ఓమ్‌లకు చేరిందనుకుందాం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు 2 ఓమ్‌లు. కూలరు డబ్బాకు ఫేజు తగిలితే 230ని 22తో భాగించాలి. పదిన్నర ఆంపియర్లు. కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్ ఎంసీబీ; 16 ఆంపియర్ల ఎంసీబీకి ఇది మామూలు గీజర్ కరెంటులాగే కనిపిస్తుంది, పడిపోదు. ఆ డబ్బా మీద మాత్రం 209 వోల్టులు నిలబడి ఉంటాయి. ఎర్తు ఉంది, ఎంసీబీ ఉంది, మనిషి మాత్రం పోతాడు. తడి కాళ్లతో తాకిన ఒంటి నిరోధం 1000 ఓమ్‌లు అనుకున్నా ఒంట్లోంచి 200 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదిలించుకోలేని స్థితి సుమారు 10 నుంచి 16 మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుందని కాలిఫోర్నియాలో చార్లెస్ డాల్జియల్ మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఎర్తు గుంత ఖర్చు తప్పించుకోవడానికి కొందరు సాకెట్ వెనక ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు చిన్న తీగ ముక్కతో కలిపేస్తారు. మల్టీమీటరుకు అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య, బరువైన సామాను నడుస్తున్నప్పుడు కూడా, కచ్చితంగా సున్నా చూపిస్తే నాకు ఈ అనుమానమే వస్తుంది. ఇప్పుడు మా అత్త ఇంట్లో జరిగినట్టు న్యూట్రల్ తెగితే ఏమవుతుంది? ఎడమ రంధ్రంలోకి వచ్చిన ఆ వెలుగంతా తీగ ముక్క దాటి ఎర్తు పిన్నులోకి, అక్కడి నుంచి ఫ్రిజ్ తలుపుకు, వాషింగ్ మెషీన్ రేకుకు వస్తుంది. సామానులో ఏ లోపమూ లేకపోయినా ఒళ్లంతా ఫేజే. ఇది చేసినవాళ్లను నేను క్షమించలేను.

ఎర్తు బలహీనంగా ఉన్నా ఆదుకునే పరికరం ఒకటుంది. డాల్జియల్ 1960ల మొదట్లో అమెరికాలో తయారు చేసిన పరికరం, మన దగ్గర ఆర్‌సీసీబీ పేరుతో దొరికే దాని కోవలోదే. అది ఎర్తు మంచిచెడ్డలు చూడదు. మళ్లీ శక్కర్‌నగర్ గేటు దగ్గరికే వస్తే, లోపలికి పోయిన బండ్లెన్ని, బయటికి వచ్చినవెన్ని అని గేటు దగ్గర కూర్చుని లెక్కబెట్టే మనిషి అది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే ఇనుప వలయంలోంచి పోతాయి. పోయిందీ వచ్చిందీ సమానమైతే వలయంలో అయస్కాంత ప్రభావం ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ తిరిగొచ్చినా, అవి డబ్బాలోంచి నేలకు పోయినా మనిషిలోంచి పోయినా, సెకనులో మూడో వంతు లోపే రెండు తీగలనూ తెంచేస్తుంది.

ఆ రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, తెగిన జాయింటు తీసేసి మధ్య ముక్కంతా రాగి తీగ లాగించాం. మీటరు పక్కన ఆర్‌సీసీబీ పెట్టించాం. కూలరుకు త్రీ పిన్ ప్లగ్గు వేయించాం. పంకా తిరిగింది. అత్త కూలరు స్విచ్ వేసింది. 'టప్' అని ఇల్లంతా చీకటి.

"కొత్త డబ్బా పెట్టిండ్రు, అప్పుడే ఖరాబైందా?" అంది.

కూలరు ప్లగ్గు పీకేసి మళ్లీ ఎత్తితే నిలబడింది. ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే మళ్లీ పడింది. కూలరు వెనక తలుపు తీసి పంపు పైకి లాగాను. ఎలుక కొరికిందో, ఎక్కడ రాసుకుందో తెలియదు, పంపు తీగకు ఒకచోట వేసిన టేపు నీళ్లలో నాని ఊడి, చివర రేకుకు ఆనుకుని ఉంది. నిరుడు ఎండాకాలమంతా ఆ కూలరు అలాగే నడిచింది, టూ పిన్ ప్లగ్గుతో.

అత్త ఆ తీగ చివరను కాసేపు చూసింది. "నిరుడు చిన్నోడు దీన్ని పట్టుకుని నిలబడుతుండె" అంది. కొత్త పంపు తెచ్చేదాకా కూలరు పెరట్లో పెట్టించి, ఎర్తు గుంత దగ్గరికి బిందె తీసుకుని నడిచింది.